ఎనిమిదేళ్లయినా నా గర్భసంచి నా దగ్గరే ఉంది

ఆసుపత్రి ఖర్చు భరించే హెల్త్ కార్డు తీసుకుంటారు, ముప్ఫై ఏళ్ల అనుభవం, పైగా లేడీ డాక్టరు. గుంటూరులో ఈ మూడూ ఉన్నవారు చాలామందే దొరుకుతారు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను. ఈ డాక్టరు గారి గురించి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: కార్డు చూసి కూడా గర్భసంచి తీసే ఆపరేషన్ అనలేదు.

2017లో నాకు నలభై ఒకటి. నెలసరి వస్తే పది రోజులకు గాని తగ్గేది కాదు. బడిలో వరుసగా రెండు తరగతులు నిలబడి పాఠం చెప్పలేకపోయేదాన్ని. మొదట వెళ్లిన ఆసుపత్రిలో స్కాన్ తీసి, నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. నా ముఖం కంటే ముందు కార్డు చూశారు. "ఇద్దరు పిల్లలున్నారు, ఇంకా సంచితో పనేముందమ్మా? రెండు రోజుల్లో అప్రూవల్ వస్తుంది, పైసా ఖర్చు లేదు" అన్నారు. మా అత్తగారిదీ అదే మాట. ఆవిడకు ముప్ఫై ఆరో ఏటే తీసేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్ విషయంలో మన రెండు రాష్ట్రాలూ ముందు వరుసలో ఉంటాయని చదివినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మా వీధి చూస్తే చాలు.

ఇంకొకరిని కూడా అడుగుదామని ఈవిడ దగ్గరికి వెళ్లాను. స్కాన్ కాగితం పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రి పడుకునేటప్పుడు కింద ఏం వేసుకుంటున్నారు టీచరు గారూ?" పాత రబ్బరు షీటు, దాని మీద మడత పెట్టిన తువాలు. ఆ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. చెబుతుంటే ఏడుపొచ్చింది. హిమోగ్లోబిన్ 7.6 ఉంది. "ముందు రక్తం పట్టాలి, మిగతా మాటలు తర్వాత" అని ఐరన్ ఎక్కించారు. మందుల చీటీ వెనక తలకిందులు చేసిన జామకాయలాంటి బొమ్మ గీసి, దాని గోడలో చిన్న సున్నా చుట్టి, గడ్డ ఇక్కడుంది, లోపలికి పొడుచుకు రాలేదన్నారు. లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. భయపడాల్సిందేమీ లేదని తేలాకే హార్మోన్ లూప్ మాట ఎత్తారు, అంటే సంచి లోపల అమర్చే, రక్తస్రావం తగ్గించే చిన్న సాధనం. అది ఐదేళ్లు పనిచేస్తుంది, ముట్లుడిగాక గడ్డ మామూలుగా చిక్కిపోతుంది, అప్పటిదాకా గట్టెక్కితే చాలు అన్నారు.

అసలు తమాషా కౌంటర్ దగ్గర. సంచి తీయించుకుంటే కార్డు మీద అవుతుందట, ఉంచుకోవాలంటే మాత్రం సొంత డబ్బు పెట్టుకోవాలట! లూప్‌కు ఆసుపత్రిలో చేరే పని లేదు కదా మరి. ఆ నెల పిల్లవాడి ఫీజు వాయిదా వేశాం.

తర్వాత నాలుగు నెలలు ఆవిడను తిట్టుకోని రోజు లేదు. రోజూ చుక్కలు చుక్కలుగా కనిపించేది. మూడు నెలలు ఇలా ఉండవచ్చని ముందే చెప్పిన మాట నిజమే, కానీ నాలుగోదీ గడిచింది. ఫోను చేస్తే "మేడమ్ థియేటర్లో ఉన్నారు" అనేవారు. లూప్ తీయించేసుకుందామని సెలవు పెట్టి వెళితే, ఒక్క నెల ఆగమని బతిమాలినట్టే అడిగారు. ఐదో నెలలో ఆగిపోయింది. రబ్బరు షీటు ఎప్పుడు అటకెక్కిందో గుర్తు లేదు. 2022లో ఇంకో లూప్ వేశారు. ఈ మధ్య తీసిన స్కాన్‌లో గడ్డ రెండున్నరకు దిగింది.

ఎంత ఓపికగా వింటారో అని స్టాఫ్ రూములో తెగ చెప్పాను. అది ఉదయం పదకొండు లోపు మాట. ఆ తర్వాత వెళితే మూడు నిమిషాల్లో బయట ఉంటాం. ఆపరేషన్లంటే పడదనీ అనుకోవద్దు. మా ఆడపడుచు గడ్డ బాగా పెద్దదై మూత్రాశయాన్ని ఒత్తుతుంటే, ఈవిడే కార్డు మీద సంచి తీశారు, అండాశయాలు ఉంచారు. "నీకో న్యాయం, నాకో న్యాయమా వదినా" అని తను ఇప్పటికీ దెప్పుతుంది.

నాది చిన్న గడ్డ, తెనాలి నుంచి గంట ప్రయాణం, నెల తిరిగేసరికి జీతం. అందుకే ఆగగలిగాను. కూలికి వెళ్లే మనిషితో ఇదే మాట అనడానికి నాకు నోరు రాదు.

వెళ్లేవారు గురువారం వెళ్లకండి, ఆ రోజంతా ఆపరేషన్లే. పాత స్కాన్లన్నీ తీసుకెళ్లండి. వరుసలో లేకపోతే చిరాకు పడుతూనే, తేదీల ప్రకారం ఆవిడే పేర్చుకుంటారు.