పెడల్ డబ్బాలకు 4–12 స్టెప్ బిట్: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

గిటార్ శబ్దాన్ని మార్చే ఎఫెక్ట్ పెడల్స్ సొంతంగా చేసుకునేవాళ్లకు సోల్డరింగ్ దగ్గర పెద్దగా భయం ఉండదు. బోర్డు మీద ఏదైనా తేడా వస్తే ఆ పార్టు పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. డబ్బాకి బెజ్జాలు వేసే దగ్గరే టెన్షన్. అల్యూమినియంలో పక్కకి జరిగిన బెజ్జాన్ని మళ్లీ సరైన చోటికి తేలేం. అప్పటికే రంగు వేసిన డబ్బా అయితే ఇంకా బాధ. నా వరకు ఆ టెన్షన్‌ని చాలామటుకు తగ్గించింది స్టెప్ డ్రిల్ బిట్, అంటే మెట్లు మెట్లుగా లావెక్కే శంకువు ఆకారపు బిట్. నేను ఏళ్లుగా వాడుతున్నది 4 మి.మీ. దగ్గర మొదలై మెట్టుకి 1 మి.మీ. చొప్పున 12 మి.మీ. దాకా పెరిగే హై స్పీడ్ స్టీల్ రకం, పైన బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత ఉంటుంది. పెడల్స్ చేసేవాళ్లు కచ్చితంగా కొనుక్కోవాల్సిన పనిముట్టు ఇది. అయితే కొనేటప్పుడు బ్రాండు కన్నా ముందు చూడాల్సింది దాని మీద ఏయే సైజుల మెట్లున్నాయన్నది.

మెలితిరిగిన గాళ్లుండే మామూలు ట్విస్ట్ బిట్‌తో ఇబ్బంది ఎక్కడొస్తుందో ముందు చెప్తాను. పెడల్స్‌కి ఎక్కువమంది వాడే హామండ్ కంపెనీ 1590బి, ఆ కోవలోని 125బి లాంటి డబ్బాలు అచ్చులో పోసిన అల్యూమినియంవి. 1590బి సుమారు 112 × 60 × 31 మి.మీ., 125బి సుమారు 121 × 66 × 39 మి.మీ. గోడ మందం దాదాపు 2 మి.మీ. మాత్రమే. ట్విస్ట్ బిట్ మొన సాధారణంగా 118 డిగ్రీల కోణంలో ఉంటుంది. లెక్కేస్తే 12 మి.మీ. బిట్‌కి ఆ మొన ఎత్తే 3.6 మి.మీ. వస్తుంది. అంటే బిట్ పూర్తి వెడల్పు లోహంలోకి దిగకముందే మొన అవతలికి వెళ్లిపోతుంది. ఇక దాన్ని నడిమధ్యన నిలిపే ఆధారం ఏదీ ఉండదు. ఊగుతుంది, బెజ్జం గుండ్రంగా కాకుండా మూడు మూలలుగా వస్తుంది, ఆఖర్లో అంచుని పట్టేసి డబ్బానే గిర్రున తిప్పేస్తుంది. కాలితో నొక్కే ఫుట్‌స్విచ్‌కి 12 మి.మీ. ట్విస్ట్ బిట్ వాడిన ఎవరికైనా ఇది అనుభవమే. 6 మి.మీ. లోపు బిట్లకు మొన ఎత్తు గోడ మందం కన్నా తక్కువ కాబట్టి ఈ గొడవ లేదు, వాటిని నేను ఇప్పటికీ వాడతాను.

స్టెప్ బిట్‌లో ఈ సమస్య పుట్టదు. 6 మి.మీ. మెట్టు వేసిన బెజ్జమే 7 మి.మీ. మెట్టుకి దారి చూపిస్తుంది. ఒక్కో మెట్టు తీసేది చుట్టూ అర మిల్లీమీటరు పొర మాత్రమే కాబట్టి పెద్దగా బలం పెట్టనక్కర్లేదు. బెజ్జాలు గుండ్రంగా, శుభ్రంగా వస్తాయి. ఇన్నేళ్లలో ఈ ఒక్క విషయంలో ఈ బిట్ నన్ను ఎప్పుడూ నిరాశపరచలేదు.

ఇక అసలు సంగతి, మెట్ల సైజులు. ఒక మామూలు పెడల్‌కి ఏమేం కావాలో చూడండి. పాట్ల (నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్ల) మెడ చాలావరకు 7 మి.మీ., 16 మి.మీ. ఆల్ఫా కంపెనీ పాట్లయినా 9 మి.మీ. చిన్న పాట్లయినా అంతే. 3పీడీటీ (మూడు సర్క్యూట్లని ఒకేసారి మార్చే) ఫుట్‌స్విచ్‌కి 12. పెడల్‌కి కరెంటు ఇచ్చే, బయటి నుంచి నట్ బిగించే ప్లాస్టిక్ డీసీ జాక్‌కి కూడా సాధారణంగా 12. గిటార్ కేబుల్ దూర్చే పావు అంగుళం ఆడియో జాక్ మెడకి 9.5 కావాలి, 10 వేసినా వాషర్ కప్పేస్తుంది. 5 మి.మీ. ఎల్‌ఈడీకి లోహపు హోల్డరు వాడితే ఎక్కువగా 8, ఉత్త ఎల్‌ఈడీకి 5. కొన్ని చిన్న టాగుల్ స్విచ్‌లకు 6. ఇవన్నీ ఒకే బిట్ మీద దొరుకుతాయి.

ఎక్కడ చూసినా కనిపించే 4–20 బిట్‌లో అలా దొరకవు. అందులో మెట్లు 2 మి.మీ. చొప్పున పెరుగుతాయి: 4, 6, 8, 10, 12, అలా 20 దాకా. పెడల్‌లో అన్నిటికన్నా ఎక్కువసార్లు కావాల్సిన 7 అందులో లేనే లేదు. 8 వేస్తే పాట్ వదులుగా కూర్చుంటుంది. నట్ బిగించేటప్పుడు అర మిల్లీమీటరు పక్కకి జరుగుతుంది, నాబ్‌లు వరసలో కనిపించవు, ముద్రించిన గీతలకీ నాబ్‌కీ పొంతన ఉండదు. మూడు నాబ్‌ల పెడల్ మీద అది కంటికి బాగా తెలుస్తుంది. 6 వేసి మిగతాది ఆకురాయితో పెంచుకోవచ్చు కానీ అలాంటప్పుడు స్టెప్ బిట్ కొన్న సుఖం ఏముంది? కాబట్టి పెడల్స్ కోసమే కొనేవాళ్లకు 4–20, 4–32 బిట్లు నేను చెప్పను. అంగుళాల బిట్లు దొరికేవాళ్లకు మాత్రం ఇంకో మంచి దారి ఉంది. 1/8 నుంచి 1/2 దాకా 1/32 చొప్పున పెరిగే రకంలో పాట్‌కి 9/32 అంగుళం, అంటే 7.1 మి.మీ., జాక్‌కి 3/8, అంటే సరిగ్గా 9.5 మి.మీ. దొరుకుతాయి. ఈ రెండు బెజ్జాల వరకు అది నా బిట్ కన్నా మేలని ఒప్పుకోవాలి.

సైజు కచ్చితంగా వచ్చినా ఒక చిన్న చిక్కు మిగులుతుంది. 7 మి.మీ. బెజ్జంలో 7 మి.మీ. మెడ బిగుతుగా వెళ్తుంది. బెజ్జాలు వేశాక రంగు గానీ పౌడర్ కోటింగ్ (పొడి రంగుని వేడితో కరిగించి పట్టించే పూత) గానీ వేయిస్తే అంచు లోపల కూడా పూత చేరి పాట్ అసలు దూరదు, ఫుట్‌స్విచ్ కూడా అంతే. అందుకే రంగు తర్వాత గుండ్రటి ఆకురాయితో రెండు చుట్లు తిప్పడం నా పనిలో భాగమైపోయింది. బెజ్జాన్ని కొంచెం కొంచెంగా పెంచే, చేతితో తిప్పే రీమర్ ఉంటే ఇంకా నయం, గుండ్రం చెడదు.

బెజ్జం ఎంత బాగా వచ్చినా అది పడాల్సిన చోట పడాలి కదా. ఆ పని స్టెప్ బిట్ చేయదు. దాని మొన తనంతట తనే మొదలుపెట్టుకుంటుందని బిట్ ప్యాకింగ్ మీద రాసి ఉంటుంది గానీ, నున్నటి అల్యూమినియం మీద అది జారుతుంది. అందుకే ముందు టెంప్లేట్ (బెజ్జాల చోట్లు గీసిన కాగితం), తర్వాత బిట్ మొన నిలిచేలా చిన్న గుంట కొట్టే సెంటర్ పంచ్, తర్వాత 3 మి.మీ. ట్విస్ట్ బిట్, ఆఖరున స్టెప్ బిట్. టెంప్లేట్ ప్రింటు తీసేటప్పుడు పేజీకి సరిపెట్టే ఆప్షన్ తీసేసి 100 శాతం పెట్టాలి, కాగితం మీద ఒక కొలతని స్కేలుతో సరిచూసుకోవాలి. స్ప్రింగుతో పనిచేసే ఆటోమేటిక్ పంచ్ ఉంటే ఒక చేత్తో డబ్బా పట్టుకుని ఇంకో చేత్తో నొక్కేయొచ్చు, సుత్తి దెబ్బకి జరిగిపోతుందన్న బెంగ ఉండదు.

ఈ బిట్‌తో నాకున్న పెద్ద ఫిర్యాదు మెట్లు లెక్కపెట్టుకోవడం. తిరుగుతున్నప్పుడు తొమ్మిది మెట్లూ ఒకేలా కనిపిస్తాయి. అల్యూమినియం మెత్తన కాబట్టి కొంచెం ఎక్కువ నొక్కితే చాలు, ఒక మెట్టు కిందికి దిగిపోతుంది. 7 కావాల్సిన చోట 8 పడితే చేసేదేమీ లేదు. కావాల్సిన మెట్టు తర్వాతి పెద్ద మెట్టుకి నల్ల మార్కర్ పూసి, ఆ నలుపు లోహానికి తగలకముందే ఆపడం నాకు పనికొచ్చిన పద్ధతి. నూనె తగిలి మార్కర్ చెరిగిపోతుంటుంది, ప్రతి డబ్బాకీ మళ్లీ పూయాలి. బిట్ మీద చెక్కిన అంకెలు కూడా కాలంతోపాటు అరిగిపోయాయి, లోతుగా చెక్కినవి ఉన్న బిట్ అయితే బాగుండేది. ఇదే మెట్టుతో ఒక లాభం కూడా ఉంది. పై మెట్టు అంచుని బెజ్జానికి తేలిగ్గా తాకించి తీసేస్తే బయటి వైపు పదునుగా లేచిన అంచు నున్నగా అయిపోతుంది. లోపలి వైపు మాత్రం ఆకురాయి పట్టాల్సిందే.

ఇంకో విషయం బిట్ పొడవు. నా బిట్‌లో ఒక్కో మెట్టు ఎత్తు సుమారు 5 మి.మీ. 2 మి.మీ. గోడకి అది చాలా ఎక్కువ, మంచిదే. కానీ 12వ మెట్టు గోడని తాకేసరికి దాని కింద ఎనిమిది మెట్లు, అంటే 40 మి.మీ. బిట్ డబ్బా లోపలికి దిగి ఉంటుంది. 1590బి లోతు 31 మి.మీ. మూత తీసి బల్ల మీద బోర్లించి ఫుట్‌స్విచ్ బెజ్జం వేస్తే బల్లకి కూడా బెజ్జం పడుతుంది. దళసరి చెక్క ముక్కకి ముందే పెద్ద బెజ్జం చేసుకుని దాని మీద డబ్బా పెట్టుకోవాలి. 1590ఎ లాంటి సన్న డబ్బా వెడల్పు 38 మి.మీ. మాత్రమే. దాని పక్క గోడకి 12 వేయబోతే మొన వెళ్లి ఎదురు గోడకి తగులుతుంది. అంత చిన్న డబ్బాలకు మెట్టు ఎత్తు తక్కువున్న పొట్టి బిట్ చూసుకోవడం మేలు.

పక్క గోడల దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దానికి బిట్‌ని తప్పుపట్టలేం. అచ్చులోంచి సులువుగా బయటికి రావడానికి ఈ డబ్బాల గోడల్ని కొంచెం ఏటవాలుగా పోస్తారు. పక్కకి పడుకోబెడితే గోడ బల్లకి సమానంగా ఉండదు, బిట్ పల్లం వైపు జారాలని చూస్తుంది. కింద అట్టముక్క పెట్టి సమం చేసి, పంచ్ గుర్తు కాస్త లోతుగా కొడితే సరిపోతుంది. డబ్బాని వైస్‌లో గానీ క్లాంప్‌తో గానీ బిగించే పని చేయాలి. చేతి తొడుగులు వద్దు, తిరిగే బిట్ గుడ్డని పట్టిందంటే చేతిని కూడా లాగేస్తుంది. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

అల్యూమినియం వేడెక్కితే బిట్ అంచుకి అతుక్కుంటుంది. అతుక్కున్న ముద్ద కోయదు, రాస్తుంది, బెజ్జం గరుకుగా వస్తుంది. చుక్క కిరోసిన్ గానీ డబ్ల్యూడీ-40 గానీ వేస్తే ఆ బాధ ఉండదు. వేగం విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే, 12వ మెట్టు అంచు 4వ మెట్టు కన్నా మూడింతలు వేగంగా లోహాన్ని తాకుతుంది. పై మెట్లకి వచ్చేకొద్దీ నేను వేగం తగ్గిస్తాను. తగ్గించకపోతే బిట్ కీచుమని అరుస్తుంది, బెజ్జం చుట్టూ అలల్లాంటి గీతలు పడతాయి. గాళ్లు నిటారుగా ఉన్న బిట్లలో ఈ వణుకు ఎక్కువ, మెలితిరిగి ఉన్నవి నున్నగా కోస్తాయి.

మన్నిక సంగతి. అల్యూమినియానికే వాడితే ఈ బిట్ చాలాకాలం వస్తుంది. నా బిట్ మీద బంగారు పూత 7, 10, 12 మెట్ల అంచుల్లో పూర్తిగా పోయింది, మిగతా చోట్ల ఇంకా మెరుస్తోంది. పూత పోయినా కోత ఆగలేదు. పదును తగ్గిందని మొదట చెప్పింది పౌడర్ కోటింగ్ చేసిన డబ్బా. పదునున్న బిట్ ఆ పూతని శుభ్రంగా కోస్తుంది, మొద్దుబారినది అంచుల్లో పెచ్చులు లేపుతుంది. మాస్కింగ్ టేప్ అంటించి దాని మీదే బెజ్జం వేస్తే పెచ్చులు తగ్గుతాయి. గాడి లోపలి చదును ముఖాన్ని డైమండ్ ఫైల్‌తో రాస్తే పదును కొంత తిరిగొచ్చింది. బయటి గుండ్రటి అంచుని మాత్రం రాయకూడదు, మెట్టు సైజు తగ్గిపోతుంది. స్టీల్ డబ్బాలకు ఇదే బిట్ వాడితే ఇంత మన్నిక ఆశించకండి. దీనికి ముందు నా దగ్గరున్న పేరులేని బిట్ ఒకటి 12 అని రాసి 11.7 కోసేది. అందుకే కొత్త బిట్ ఏదైనా ముందు కాలిపర్‌తో కొలిచి, ఒక వ్యర్థపు రేకు మీద బెజ్జం వేసి పార్టు దూరుతుందో లేదో చూస్తాను.

డీసీ జాక్ బెజ్జానికి 12 మెట్టు ఉండాలని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆ సైజు ప్లాస్టిక్ జాక్ కోసం. 9 వోల్టుల పెడల్స్‌లో ఎక్కువవాటికి మధ్య పిన్ నెగటివ్, బయటి వలయం పాజిటివ్. ఆడియో జాక్ ద్వారా డబ్బా మొత్తం గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది కాబట్టి, బయటి వలయం డబ్బాకి తగిలే లోహపు డీసీ జాక్ పెడితే షార్ట్ అవుతుంది. చిన్న బెజ్జం చాలు కదా అని లోహపు జాక్ ఎంచుకోకండి.

బెజ్జాలన్నీ వేశాకే బోర్డు లోపల పెట్టాలి. అల్యూమినియం రజను కరెంటుని పంపిస్తుంది, ఒక్క నలక రెండు సోల్డర్ చుక్కల మధ్య పడినా పెడల్ మూగబోతుంది, కారణం వెతకడానికి సాయంత్రమంతా పోతుంది. బ్రష్‌తో దులిపి, నూనె జిడ్డు పోయేదాకా సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాక పార్టులు బిగించడం మొదలుపెడతాను.