పాత విశ్లేషణ టూల్ నడవాలంటే ఏది మేలు: కోడ్ మార్చడమా, కాండానా, కంటెయినరా?

పైథాన్ 2 స్క్రిప్టు, ఎప్పుడో కంపైల్ చేసిన ఫోర్‌ట్రాన్ బైనరీ కొత్త మెషీన్‌లో మొరాయిస్తే ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: తెగింది ఏ పొరలో? పైనున్న కోడ్, ప్యాకేజీల్లోనా, కిందనున్న సిస్టమ్ లైబ్రరీల్లోనా?

ఎర్రర్ పూర్తిగా చదవండి. పైథాన్ లెక్కల ప్యాకేజీ నమ్‌పైలో 'ఎన్‌పీ.ఫ్లోట్' లేదంటోందా? అది పైపొర. ఆ పేరును 1.24 వెర్షన్‌లో తీసేశారు, ఫ్లోట్ అని మారిస్తే సరిపోతుంది. ఫోర్‌ట్రాన్ బైనరీలకు కావలసిన లైబ్రరీ లిబ్‌జీఫోర్‌ట్రాన్ 3 దొరకలేదంటే గొడవ కింది పొరలో ఉంది. జీసీసీ కంపైలర్ 7వ వెర్షన్‌తో ఆ అంకె 4 అయింది, 8వ వెర్షన్ నుంచి 5. కొత్త ఫైలుకు పాత పేరుతో సింలింక్ (మరో పేరుతో అదే ఫైలును చూపే లింకు) మాత్రం పెట్టకండి. లోపలి అమరిక వేరు కాబట్టి ప్రోగ్రామ్ లోడ్ అయినా ఫలితాలను నమ్మలేం.

కోడ్ మార్చడంలో అసలు భయం ఎర్రర్లు కావు, ఎర్రర్ రాకుండా మారిపోయే అంకెలు. పైథాన్ 2లో 5/2 అంటే 2, పైథాన్ 3లో 2.5. గణాంకాల భాష ఆర్‌లో 3.6.0 నుంచి యాదృచ్ఛికంగా ఎంచే శాంపిల్ ఫంక్షన్ పద్ధతి మారింది, అదే సీడ్ (ఎంపికకు మొదట ఇచ్చే అంకె) ఇచ్చినా వేరే వరుస వస్తుంది. పాత ఫలితాలే తిరిగి రావాలంటే ఈ దారి పట్టకండి.

పైథాన్, ఆర్ ప్యాకేజీల వరకే సమస్య అయితే, కావలసిన ప్యాకేజీ వెర్షన్లను విడిగా ఒకచోట పెట్టే టూల్ కాండా చాలు. పైథాన్ 2.7కు సరిపడే చివరి నమ్‌పై 1.16. కావలసినవన్నీ వెర్షన్లతో సహా ఒకే కమాండ్‌లో అడగండి. ఒక్కొక్కటిగా ఇన్‌స్టాల్ చేస్తే తర్వాత వచ్చేది ముందున్నదాన్ని మార్చేయొచ్చు. పని పూర్తయ్యాక 'కాండా లిస్ట్'ను ఎక్స్‌ప్లిసిట్ ఆప్షన్‌తో నడిపి ఆ జాబితా దాచుకోండి.

బైనరీ మాత్రమే చేతిలో ఉంటే నా ఓటు కంటెయినర్‌కే. అది ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన సిస్టమ్ ఫైళ్లతో సహా కట్టిన మూట, పాత లైబ్రరీలన్నీ దాంతోనే వస్తాయి. అయితే కంటెయినర్ టూల్ డాకర్‌కు ఇమేజ్ (ఆ మూట ఫైలు) ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్ ఒక్కటే దాచుకుంటే చాలదు. డెబియన్ అనే లినక్స్ పాత రిలీజులను ఆర్కైవ్‌కు తరలిస్తారు, మళ్లీ బిల్డ్ చేసేటప్పుడు ప్యాకేజీలు తెచ్చే కమాండ్ ఆప్ట్ 404 (ఫైలు దొరకలేదు) అంటుంది. అందుకే తయారైన ఇమేజ్‌నే 'డాకర్ సేవ్'తో టార్ ఫైలుగా భద్రపరచండి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రధాన భాగం) మాత్రం హోస్ట్‌దే, అంటే కంటెయినర్ నడిచే మెషీన్‌దే. పాత లినక్స్ సెంట్ఓఎస్ 6 ఇమేజ్ మొదలవుతూనే 139 కోడ్‌తో పడిపోతే, హోస్ట్ బూట్ పరామితుల్లో 'వీసిస్‌కాల్=ఎమ్యులేట్' చేర్చాలి.

రూట్ అనుమతి లేని క్లస్టర్‌లో ఆప్టెయినర్ అనే కంటెయినర్ టూల్ వాడండి, ఇమేజ్ అంతా ఒకే ఫైలు. ఒక చిక్కుంది: అది మీ హోమ్ డైరెక్టరీని మామూలుగా లోపలికి తెచ్చేస్తుంది. హోమ్‌లోని 'డాట్ లోకల్' ఫోల్డర్లో అదే పైథాన్ వెర్షన్‌కు పిప్‌తో వేసిన ప్యాకేజీలుంటే, ఇమేజ్‌లోని నమ్‌పై పక్కకు పోయి అవే ముందు లోడ్ అవుతాయి. 'నో హోమ్' ఆప్షన్ ఇవ్వండి, లేదా 'పైథాన్‌నోయూజర్‌సైట్'ను 1 చేయండి. కాండాలోనూ ఇదే జరుగుతుంది.

కెర్నల్‌తో సహా పూర్తి కంప్యూటర్‌ను అనుకరించే వర్చువల్ మెషీన్ పాత విండోస్ టూల్స్‌కు, కెర్నల్ మాడ్యూల్ కోరేవాటికి. మిగతావాటికి అంత బరువు అక్కర్లేదు.

ఏ దారిలో వెళ్లినా మొదట టూల్‌తో వచ్చిన నమూనా డేటాను నడిపి, పాత అవుట్‌పుట్‌తో ఆఖరి దశాంశం దాకా పోల్చి చూడండి.