పూర్ణా మార్కెట్‌లో ఇనప పెనాలు: సరుకు మంచిదే, కబుర్లే నమ్మొద్దు

విశాఖ పూర్ణా మార్కెట్ సందుల్లో ఇనప సామాన్ల కొట్టొకటి ఉంది. పేరు రాయను. సరుక్కి వంక పెట్టలేను గానీ, అక్కడి కుర్రాడు చెప్పే కబుర్లు మాత్రం వడగట్టి వినాలి.

దోసెల పెనం అడిగితే రెండు రకాలు చూపించాడు. ఒకటి పోత ఇనుముది, బరువు. రెండోది పల్చటిది. "ఇది రాట్ ఐరన్ అండి, పాతకాలం చేత ఇనుము" అంటూ దానికి రెండొందలు ఎక్కువ చెప్పాడు. స్టీల్ ప్లాంటులో గోదావరి అనే ఇనుము కరిగించే పెద్ద కొలిమి దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి, ఊరుకుంటానా?

ఖనిజం కరిగించగా మొదట వచ్చే దుక్క ఇనుములో (పిగ్ ఐరన్) కార్బన్ నాలుగు శాతం దాకా ఉంటుంది, అందుకే పెళుసు. దాన్ని చేత ఇనుముగా మార్చే పడ్లింగ్ పద్ధతికి ఇంగ్లండులో హెన్రీ కోర్ట్ 1784లో పేటెంటు తీసుకున్నాడు. బొగ్గు తగలకుండా మంట మాత్రమే తగిలే కొలిమిలో ఇనుము కరిగించి, పొడవాటి ఊచలతో మనుషులే కలియబెట్టేవాళ్లు. కార్బన్ కాలిపోయేకొద్దీ ఇనుము కరగడానికి ఇంకా వేడి కావాలి. దుక్క ఇనుము 1,200 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, శుద్ధమైన ఇనుముకి 1,538 కావాలి. కొలిమిలో అంత వేడి ఉండదు కాబట్టి, తిప్పుతుండగానే పాకం ముదిరినట్టు ముద్దకట్టేది. ఆ ముద్దని బయటికి లాగి, సుత్తి కింద పెట్టి స్లాగ్ (కరిగిన మలినాల మడ్డి) పిండేవాళ్లు. ఈఫిల్ టవర్‌లోని 7,300 టన్నులూ ఆ ఇనుమే. చవగ్గా ఉక్కు వచ్చాక ఆ పని మూలపడింది.

కొట్లోది మైల్డ్ స్టీల్ రేకు, అంటే కార్బన్ తక్కువున్న మామూలు ఉక్కు. అంచున మిషను కోత తెలిసిపోతూనే ఉంది. ఆ మాటంటే కుర్రాడు నవ్వేసి, "మాకూ అలాగే చెప్పి ఇస్తారండి" అని రెండొందలూ తగ్గించాడు. రెండూ తెచ్చాను.

రేకుది త్వరగా కాలుతుంది, కానీ పెద్ద మంట పెడితే మధ్యలో ఉబ్బి నూనె అంచులకి జారిపోతోంది. పోత పెనం మొదట్లో గరుకు. మా ఆవిడ ఉల్లిపాయ చెక్కకి నువ్వులనూనె అద్ది రోజూ రుద్దేది. ఇప్పుడు పెసరట్టు అంచు దానంతట అదే లేస్తోంది. మన ఉప్పుగాలికి తడి ఉంచారో, తెల్లారేసరికి తుప్పే.

పోతదే తీసుకోండి. డబ్బులిచ్చే ముందు వేలితో కొట్టి వినండి. ఖంగుమనకుండా మొద్దుగా మోగితే ఎక్కడో పగులుంది, ఇంకోటి తీయమనండి.