భుజం పట్టేసిన రాత్రులు: ఇంజెక్షనా, వ్యాయామమా?

అర్ధరాత్రి పక్కకు ఒత్తిగిలగానే భుజం కలుక్కుమంటుంది. పగలు జడ వేసుకోవడానికీ, వెనక జేబులో పర్సు తీయడానికీ చెయ్యి తిరగదు. 40–60 ఏళ్ల వారిలో, ముఖ్యంగా షుగరు ఉన్నవారిలో, ఇది తరచుగా ఫ్రోజెన్ షోల్డరే, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం. దీనికి వాపు తగ్గించే స్టెరాయిడ్ మందును కీలులోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు, లేదా వ్యాయామం చేయిస్తారు. రెండింటినీ పోల్చి చూద్దాం.

ఖర్చు: ఇంజెక్షన్‌కు ఒక్కసారి. వ్యాయామానికి నేర్చుకునేదాకా ఫిజియోథెరపిస్టు ఫీజు, తర్వాత ఇంటి గోడ చాలు.

శ్రమ: ఇంజెక్షన్ నిమిషాల పని. వ్యాయామం నెలల తరబడి రోజూ చేయాలి. గోడ మీద వేళ్లు పాకిస్తూ నిన్నటి పెన్సిలు గీత దాటించడమంటే ఓపికకు పరీక్షే.

ఫలితం: కీలులో వేసే స్టెరాయిడ్ కొన్ని వారాల్లో నొప్పి తగ్గించి నిద్ర పట్టనిస్తుంది, కానీ ఆ ఉపశమనం తాత్కాలికం. బిగుసుకున్న కీలును వదులు చేసేది కదలికే.

రిస్కు: స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరగవచ్చు. వ్యాయామంలో ప్రమాదం మన అత్యుత్సాహమే: నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు చేతిని బలవంతంగా లాగితే ఆ రాత్రి జాగారమే.

నొప్పి ముదిరే తొలి నెలల్లో నిద్రే కరువైతే నా మొగ్గు ఇంజెక్షన్‌కే, వెంటే మెల్లగా వ్యాయామం. నొప్పి తగ్గి బిగుతే మిగిలితే వ్యాయామమే. ఏదైనా సరే, పడుకున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉండాలి. భుజం నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే మాత్రం ఈ పోలిక పక్కన పెట్టి 108కి ఫోను చేయండి.