గోవిందరాజస్వామి గోపురం నీడలో రైలు దిగి: తిరుపతి స్టేషను, పాత ఊరు, పాకాల దారి

మాఘమాసంలో మా అమ్మను వెంటబెట్టుకొని తిరుపతి వెళ్లినప్పుడు కొండ మీది దర్శనానికి ఒక రోజు, కింది ఊరికి రెండు రోజులు కేటాయించుకున్నాము. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుతూ ఉండగా మమ్మల్ని దించింది. కాలివంతెన ఎక్కగానే ఎదురుగా గోవిందరాజస్వామి ఆలయపు గాలిగోపురం కనిపించింది. అమ్మ అక్కడే నిలబడి చేతులు జోడించింది. రామానుజాచార్యులవారు 1130లో ప్రతిష్ఠించారని చెప్పుకొనే ఆ స్వామి చుట్టూనే ఈ ఊరు పెరిగింది. అంత పాత ఊరి నడిబొడ్డుకు రైలు ఎలా వచ్చిందో తెలుసుకుంటే, మనం ఎక్కడ బస చేస్తే సుఖమో కూడా తెలుస్తుంది.

మద్రాసు రైల్వే వారి పెద్ద లైను 1862లోనే రేణిగుంటకు చేరింది. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది కూడా. అయితే ఆ లైను తిరుపతి ఊరిని తాకకుండా పది కిలోమీటర్ల అవతల నుంచే వెళ్లిపోయింది. ఊళ్లోకి రైలు వచ్చింది 1890ల తొలి సంవత్సరాలలో, సౌత్ ఇండియన్ రైల్వే వేసిన మీటరుగేజీ మీద. కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల, చంద్రగిరి మీదుగా తిరుపతికి వచ్చి, రేణిగుంట, శ్రీకాళహస్తి దాటి గూడూరు వరకు సాగిన దారి అది. మీటరుగేజీలో పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు, పెద్ద లైనులో 1,676 మిల్లీమీటర్లు. ఈ తేడా వల్ల ఒక లైను బండి మరో లైను మీద నడవదు. కాబట్టి పెద్ద లైనులో వచ్చిన భక్తులు రేణిగుంటలో మూటాముల్లె దించుకొని చిన్న బండి ఎక్కవలసిందే.

అప్పట్లో తిరుమల ఆలయ నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. 1843 నుంచి 1933 వరకు అదే ఏర్పాటు. కొండకు మోటారు దారి లేదు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో గాని తెరవలేదు. రైలు దిగినవారు పుష్కరిణిలో స్నానం చేసి, గోవిందరాజస్వామిని దర్శించి, సత్రంలో నడుము వాల్చి, తరువాత అలిపిరి మెట్లదారి పట్టేవారు. డోలీలో వెళ్లగలిగినవారు కొద్దిమందే. స్టేషనుకు ముందు, వెనుక ఇన్ని సత్రాలు పుట్టడానికి కారణం ఈ కాలినడకేనని నా నమ్మకం. ఇప్పటికీ స్టేషను వెనుక ఉన్న సత్రాలను ఊరివాళ్లు రెండో సత్రం, మూడో సత్రం అనే పిలుస్తారు.

బస విషయానికి వస్తే, మొదటి రాత్రికి స్టేషను ఎదురుగా ఉన్న దేవస్థానం వారి విష్ణునివాసంలో ముందుగానే ఆన్‌లైన్‌లో గది తీసుకున్నాము. మోకాళ్ల నొప్పులున్న అమ్మ రోడ్డు దాటితే చాలు గది చేరగలగడం నాకు అన్నిటికంటే పెద్ద సౌకర్యంగా తోచింది. గది సాదాగా, శుభ్రంగా ఉంది. ఆధార్ కార్డు మాత్రం తప్పనిసరిగా దగ్గర ఉంచుకోవాలి. రెండో రాత్రికి పాత ఊళ్లోని ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాము. ఇరవై నాలుగు గంటల అద్దె అని చెప్పి డబ్బు కట్టించుకొని, మర్నాడు ఉదయం తొమ్మిదింటికే ఖాళీ చేయమని తలుపు తట్టారు. అప్పుడే స్నానం ముగించిన అమ్మ తడి జుట్టుతో సంచులు సర్దుకోవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది. గది తీసుకొనేటప్పుడు ఖాళీ చేయవలసిన సమయాన్ని రసీదు మీద రాయించుకోవడం మంచిది. బస్టాండు ఎదుట ఉన్న శ్రీనివాసం కూడా దేవస్థానం వారిదే. బస్సులో వచ్చేవారికి అది అనువు, రైలులో వచ్చేవారికి విష్ణునివాసమే మేలు. కొండకు వెళ్లే బస్సులు స్టేషను ముందే దొరుకుతాయి గనుక అంతవరకు ఆటో అవసరం లేదు.

రెండో రోజు ఉదయం, లాడ్జికి మారకముందే, పాకాల వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కి చంద్రగిరిలో దిగాము. స్టేషను నుంచి కోటకు ఆటోలో వెళ్లాలి. రాజమహల్‌లోని ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు, చూసుకొని బయలుదేరాలి. విజయనగర రాజుల చివరి రాజధానులలో ఒకటైన ఆ కోట గురించి వేరుగా రాయవలసినంత ఉంది. ఇక్కడ నాకు ముఖ్యమైనది రైలు దారి. ఒక పక్క కొండల వరుస, మరో పక్క మామిడితోటలు. పూతకు వచ్చిన చెట్ల వాసన కిటికీలోంచి పెట్టె అంతా నిండింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పాకాల సంతకు చింతపండు గంప తీసుకెళుతూ, "మీటరుగేజీ బండి దినాల్లో పాకాల అంటే ఎంత సందడో తెలుసునా అమ్మా, ధర్మవరం పోవాలన్నా, కాట్పాడి పోవాలన్నా ఆడనే బండి మారాల" అని అమ్మకు చెప్పింది. పాకాల నుంచి ధర్మవరం వెళ్లే చిన్న లైను 2010 ప్రాంతంలో పెద్ద లైనుగా మారింది. ఇక తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల మేర రెండో లైను వేయడానికి 1,332 కోట్ల రూపాయల అంచనాతో 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

తిరుపతి స్టేషనును కూడా పెద్ద ఎత్తున పునర్నిర్మిస్తున్నారు. జనం పెరిగారు కనుక అది అవసరమే. అయితే, మీటరుగేజీ పట్టా ముక్క ఒకటి, పాత సిగ్నలు చేతులు రెండు, ఈ ఊరికి బండి వచ్చిన కథ రాసిన ఒక పలక ప్రయాణికులు కూర్చొనే చోట ఉంచాలని నేను మనసారా కోరుకుంటున్నాను. తిరుగు ప్రయాణం నాటి సాయంత్రం మా పక్కన ఒక కుటుంబం నేల మీద దుప్పటి పరచుకొని కూర్చుంది. పిల్లవాడి గుండు మీద చందనం ఆరి పెచ్చులుగా లేస్తోంది. వాడు ఒక లడ్డూను రెండు చేతులతో పట్టుకొని మూలనున్న జీడిపప్పు కోసం వెదుకుతున్నాడు. బండి వస్తోందని మైకులో చెప్పగానే వాళ్ల నాయనమ్మ గోపురం వైపు తిరిగి, వాడి చేతులు పట్టుకొని దండం పెట్టించింది.