మద్దిలపాలెంలో మేడమీది ట్యూషన్: బీటెక్ మొదటి సంవత్సరం పిల్లలున్న ఇళ్లకు

వైజాగ్‌లో బీటెక్ ట్యూషన్లకు లోటేం లేదు. ద్వారకానగర్ నుంచి మద్దిలపాలెం దాకా ఏ కరెంటు స్తంభం చూసినా ఎం-వన్ (మొదటి సెమిస్టర్ లెక్కలు), సి లాంగ్వేజ్, డ్రాయింగ్ అంటూ ఫోన్ నంబరుతో కాగితం అతికించి ఉంటుంది. వాటిలో చాలావరకు సబ్జెక్టు పోయాక, సప్లీ పరీక్షల ముందు హడావుడిగా నడిచేవే. నేను చెప్పబోయేది వేరే రకం. మద్దిలపాలెం జంక్షన్ నుంచి ఇసుకతోట వైపు వస్తుంటే లోపలి వీధిలో, జిరాక్స్ షాపు పైన రెండో అంతస్తులో ఉంది. రిటైరైన లెక్కల లెక్చరర్ ఒకాయన, ఇంజనీరింగ్ మూడో ఏడు, నాలుగో ఏడు చదివే పిల్లల్ని కొందరిని పెట్టుకుని నడుపుతున్నారు. బోర్డు లేదు. పిల్లలు ‘సార్ రూమ్’ అంటారు. సెమిస్టర్ తొలి వారాల్లోనే చేర్చుకుంటారు. మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) అయిపోయాక ఎంత బతిమాలినా కొత్తవాళ్లను తీసుకోరు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా చెల్లెలి కూతురు చోడవరం పక్క పల్లె నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్ ఎంపీసీ హాస్టల్ కాలేజీలో చదివింది. అక్కడ తెల్లవారుజామున లేపేవాళ్లున్నారు, రాత్రి స్టడీ అవర్లో వెనక తిరిగేవాళ్లున్నారు, రేపు ఏ చాప్టర్ పరీక్షో ముందురోజే చెప్పేవాళ్లున్నారు. మార్కులు బాగానే వచ్చాయి, ఊరి చివర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీటూ వచ్చింది. చేరిన మర్నాటి నుంచి లేపేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. పాఠమంతా తెరమీద ఇంగ్లీషు స్లైడ్లలో పరిగెడుతుంది. రాసుకునేలోపు స్లైడ్ మారిపోతుంది. ఒకటి అర్థం కాకుండానే రెండోది, రెండోది అర్థం కాకుండానే యూనిట్ టెస్టు. దసరా సెలవులు దగ్గరపడేసరికి “పెద్దమ్మా, నేను ఊరెళ్లిపోతాను, అక్కడే డిగ్రీలో చేరతాను” అంది. ఏడవలేదు, కోపపడలేదు. బట్టలు సర్దుకుంటూ మామూలుగా చెప్పింది. అందుకే నాకు భయమేసింది.

కాలేజీలో ఏర్పాట్లు లేవని కాదు. ఇంజనీరింగ్ కాలేజీలకు నియమాలు పెట్టే ఏఐసీటీఈ చెప్పినట్టు, కొత్త పిల్లలకి కాలేజీ అలవాటు చేసే మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ జరిపారు. ప్రతి బ్యాచ్‌కీ ఒక మెంటార్ని ఇచ్చారు. ఆ మెంటార్ పుస్తకం నేను చూశాను. అందులో ‘సమస్యలు’ అని ఒక గడి ఉంది. మా అమ్మాయి అందులో ‘నిల్’ అని రాసి సంతకం పెట్టింది, ముందున్న పిల్లలందరూ అలాగే రాశారట. పక్కనే లైనులో స్నేహితులు నిలబడి ఉంటే ఏ పిల్ల ‘నాకు లెక్కలు రావడంలేదు’ అని రాస్తుంది? సంతకం పడింది కాబట్టి కాలేజీ లెక్కలో మా అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదు.

మా పక్క వీధి వాళ్లబ్బాయి చెబితే ఈ మేడమీదికి తీసుకెళ్లాను. మొదటిరోజు పెద్దవాళ్లను కూడా వెనక బెంచీ మీద కూర్చోనిస్తారు. టీచర్ని కాబట్టి నా కళ్లు బోర్డు మీదే ఉన్నాయి, బోర్డు మీద ఎవరూ ఏమీ రాయలేదు. సార్ మా అమ్మాయి నోటుబుక్కు అడిగి తీసుకుని తీరిగ్గా పేజీలు తిప్పారు. లీనియర్ ఆల్జీబ్రాలో మాట్రిక్స్ (అంకెల పట్టిక) ర్యాంకు, అంటే ఒక వరుసలోంచి ఇంకోటి తీసేస్తూ పోతే చివరికి అన్నీ సున్నాలు కాకుండా మిగిలే వరుసలెన్నో కనుక్కునే లెక్క దగ్గర ఆగి, మూడో ఏడు చదివే ఒకమ్మాయిని పక్కన కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి పాఠం చెప్పలేదు. “నువ్వు మనసులో ఏమనుకుంటున్నావో అది పైకి అంటూ చెయ్యి చెల్లీ, నేను వింటాను” అంది.

మొదటి వరుసను రెండుతో గుణించి రెండో వరుసలోంచి తీసెయ్యాలి. మొదటి వరుసలో మైనస్ 1 ఉంది, దాని కింద మైనస్ 3. మైనస్ 3లోంచి మైనస్ 2 తీసేస్తే మైనస్ 1 రావాలి. మా అమ్మాయి మైనస్ 5 వేసింది. అక్కడినుంచి లెక్కంతా దారి తప్పింది. సున్నాలు రావాల్సిన చివరి వరుసలో సున్నాలు రాలేదు, ర్యాంకు 2 రావాల్సింది 3 వచ్చింది. ఆ సీనియర్ ‘తప్పు’ అన్న మాటే అనలేదు. “ఇక్కడిదాకా బాగానే వచ్చావు గదా, ఈ ఒక్క గడీ మళ్లీ చెప్పు” అంది. మళ్లీ మైనస్ 5 అంది మా అమ్మాయి. ఇంకోసారి చెప్పమంటే సగంలో తనే ఆగి, పెన్నుతో కొట్టేసింది. తర్వాత ఇద్దరూ పాత పేజీలు తిరగేస్తే అదే పొరపాటు చాలా చోట్ల దొరికింది.

చేరినప్పటి నుంచీ ఆ పిల్ల తనకి ర్యాంకు అన్న సంగతే బుర్రకెక్కడం లేదని, తను బీటెక్‌కి పనికిరాదని అనుకుంటోంది. దానికి ర్యాంకు తెలుసు. తొందరలో మైనస్‌లోంచి మైనస్ తీసెయ్యడం దగ్గర చెయ్యి జారుతోంది. అది హైస్కూల్ లెక్క, మేము చెప్పే లెక్క. ఎంట్రన్స్ పరీక్షలో నాలుగు ఆప్షన్లుంటాయి, జవాబు అందులో కనబడకపోతే వెనక్కెళ్లి సరిచేసుకునేది. ఇక్కడ ఆప్షన్లు లేవు, తప్పు జరిగిందని చెప్పేవాళ్లూ లేరు. అరవై మంది కూర్చున్న క్లాసులో ఎంత మంచి లెక్చరర్‌కైనా ఇది కనబడదు. పక్కన కూర్చుని పిల్ల నోటివెంట వింటేనే తెలుస్తుంది. నాకీ చోటు నచ్చడానికి మొదటి కారణం ఇదే.

ఈ పద్ధతి తను కనిపెట్టింది కాదని సార్ ముందే చెప్పారు. అమెరికాలో మిస్సోరి యూనివర్సిటీ కాన్సస్ సిటీ క్యాంపస్‌లో 1973లో డియానా మార్టిన్ అనే ఆవిడ ‘సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్’ మొదలుపెట్టారు. వెనకబడిన పిల్లలు ఎవరా అని వాళ్లు వెతకరు. ఎక్కువమంది తప్పే సబ్జెక్టు ఏదో చూసి, ఆ సబ్జెక్టు చదివే అందరికీ తలుపు తెరుస్తారు. అంతకుముందు ఆ సబ్జెక్టు బాగా చదివిన సీనియర్ మళ్లీ వెళ్లి అదే క్లాసులో కూర్చుని, తర్వాత పిల్లలతో కలిసి చదివిస్తాడు. మద్దిలపాలెంలో ఉండి సీనియర్లు అన్ని కాలేజీల క్లాసుల్లోనూ కూర్చోలేరు. అందుకని ప్రతి వారం పిల్లల క్లాసు నోట్సు ఫోటోలు తెప్పించుకుని, ఏ కాలేజీలో ఎంతవరకు అయిందో పెద్ద కాగితం మీద రాసి గోడకి అంటిస్తారు. వీక్ బ్యాచ్ అని విడిగా లేదు. తొంభైలు తెచ్చుకునే పిల్లా, పాసయితే చాలనుకునే పిల్లా ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. వీక్ బ్యాచ్ అని ఉంటే మా అమ్మాయి మెట్లెక్కేది కాదు.

రెండు సాయంత్రాలు వరసగా రాకపోతే సీనియర్ ఫోన్ చేస్తాడు. పిల్లకే చేస్తాడు, ఇంట్లోవాళ్లకి కాదు. దసరాకి పాడేరు వైపు తన ఊరెళ్లిన ఒక అబ్బాయి తిరిగి రాలేదు. ఫోన్ కలవలేదు. హాస్టల్లో అతని రూమ్మేట్ చేత కబురు పెట్టించారు. వదిలేసిన పాఠాలు ఏవి, వాటిలో పరీక్షకి తప్పనిసరి ఏవి, ఏ సాయంత్రం వస్తే ఎవరు కూర్చుని చెబుతారో ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి పంపారు. తర్వాత ఆ అబ్బాయి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఎందుకు రాలేదని ఎవరూ నిలదీయలేదు. “టిఫిన్ తిన్నావా బాబూ?” అని అడిగి బల్ల దగ్గర చోటు చూపించారు సార్. చదువు మానేసే పిల్లలు ఒక్కరోజులో మానెయ్యరు. ముందు ఒక క్లాసు, తర్వాత ఒక ల్యాబు, తర్వాత మిడ్, చివరికి హాజరు 65 శాతం కిందికి జారి డిటెన్షన్, అంటే పరీక్షకే కూర్చోనివ్వరు. మొదటి క్లాసు దగ్గరే ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిస్తే చాలామంది ఆగుతారు. నా స్కూల్లో ఏళ్ల తరబడి చూస్తున్న విషయమే ఇది.

ఇంకొకటి, మార్కుల లెక్క. జేఎన్‌టీయూ పద్ధతిలో కాలేజీ పెట్టే ఇంటర్నల్‌కి 30, సెమిస్టర్ చివర యూనివర్సిటీ పెట్టే ఎక్స్‌టర్నల్‌కి 70. రెండు మిడ్లలో మెరుగైనదానికి 80 శాతం, మిగతాదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు. ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, మొత్తం మీద 40 శాతం రావాలి. పిల్లలకి ఇది తెలియదు, తెలిసినా చేసి చూసుకోరు. సార్ మొదటి మిడ్ మార్కులు రాగానే ప్రతి పిల్లతోనూ ఈ లెక్క కాగితం మీద చేయిస్తారు. మొదటిదాంట్లో 30కి 10 వచ్చి, రెండోదాంట్లో 24 తెచ్చుకుంటే ఇంటర్నల్ 21 అవుతుంది. ఎక్స్‌టర్నల్‌లో 25 వస్తే సబ్జెక్టు గట్టెక్కుతుంది. ‘నా పని అయిపోయింది’ అనుకుని కూర్చున్న పిల్లకి ఆ నాలుగు అంకెలు ఇచ్చే ధైర్యం మనం చెప్పే ఏ మాటలూ ఇవ్వలేవు.

లోపాలూ చెప్పాలి. ప్రోగ్రామింగ్‌కి ఇది సరిపోదు. పాత కంప్యూటర్లు రెండే ఉన్నాయి, పిల్లలు వరసలో నిలబడాలి. కాగితం మీద ప్రోగ్రాం రాయించి, లూప్ తిరిగినప్పుడల్లా వేరియబుల్ విలువ ఎంత మారిందో పట్టిక వేయిస్తారు. అది మంచి అలవాటే. కానీ విలువ చదివే స్కాన్‌ఎఫ్ ఆదేశంలో యాంపర్‌సాండ్ (& గుర్తు) మర్చిపోతే ప్రోగ్రాం ఎలా కుప్పకూలుతుందో మెషీన్ మీద నడిపితేనే తలకెక్కుతుంది. మా అమ్మాయికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి, ప్రోగ్రామింగ్‌లో అత్తెసరు పాసు.

అంతకన్నా పెద్ద లోపం ఇంగ్లీషు. ఇక్కడ అంతా తెలుగులో విడమరిచి చెబుతారు, పిల్లలకి అర్థమవుతుంది. పరీక్షలో రాయాల్సింది ఇంగ్లీషులో. అర్థమైనదాన్ని నాలుగు వాక్యాల్లో ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. తెలుగు మీడియం పిల్లలు మార్కులు పోగొట్టుకునేది అక్కడే. నేను ఈ సంగతి సార్‌తో అంటే ఆయన మొహమాటపడకుండా ఒప్పుకుని శనివారాలు అరగంట డెఫినిషన్లు సొంత వాక్యాల్లో రాయించడం మొదలుపెట్టారు. ఇంకా చాలదు. కెమిస్ట్రీ, బేసిక్ ఎలక్ట్రికల్ లాంటి రాత సబ్జెక్టులకి ఇది బాగా కావాలి.

సీనియర్లకీ పరీక్షలుంటాయి కాబట్టి సెమిస్టర్ చివర మనుషులు తగ్గుతారు, ఒక్కొక్కరి దగ్గర గుంపు పెరుగుతుంది. మెట్ల మీద లైటు లేదు. ఆడపిల్లలు రాత్రి దిగేటప్పుడు ఫోన్ టార్చి వేసుకుంటున్నారు. ఇంటి ఓనరుతో మాట్లాడి ఒక బల్బు పెట్టించడం పెద్ద పని కాదు, వెంటనే చెయ్యాలి.

ఫీజు సబ్జెక్టుకి సెమిస్టర్‌కి 3,000, రెండు విడతల్లో కట్టొచ్చు. సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా. కాలేజీ బస్సులు మద్దిలపాలెంలో దించుతాయి కాబట్టి ఆనందపురం, మధురవాడ వైపు కాలేజీల పిల్లలకి దారిలోనే. గాజువాక వైపు వాళ్లకి మాత్రం ఇల్లు చేరేసరికి బాగా రాత్రవుతుంది, వాళ్లని ఇక్కడ చేరమని నేను చెప్పను. ఇంపార్టెంట్ ప్రశ్నల కాగితం కావాలనుకునేవాళ్లూ ఇక్కడికి రావద్దు, సార్ ఇవ్వరు. కూర్చుని చదువుకోడానికి చోటు చాలనుకుంటే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఉండనే ఉంది.

కాలేజీ యాజమాన్యాలు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట. సాయంత్రం నాలుగు దాటాక మీ క్లాసురూములు ఖాళీ. సీనియర్లు మీ దగ్గరే ఉన్నారు. ఎవరు ఏ రోజు రాలేదో మీ కంప్యూటర్లో ఉంది. మేడమీద రెండు గదుల్లో ఒక రిటైరైన మనిషి చేస్తున్నది మీరు ఇంతకన్నా సులువుగా, పిల్లల దగ్గర పైసా తీసుకోకుండా చెయ్యగలరు. చెయ్యండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే ఇళ్లలో ఈ 3,000 కూడా బరువే.

రెండో సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌కి మళ్లీ ఇక్కడే కట్టాను. ఊరెళ్లిపోతానన్న మాట మా అమ్మాయి తర్వాత ఎత్తలేదు. తనే కింద బ్యాచ్‌కి చెబుతానని సార్ దగ్గర పేరు రాయించుకుంది. డేటా స్ట్రక్చర్స్ అనే ప్రోగ్రామింగ్ సబ్జెక్టుకి మాత్రం మెషీన్ల మీద కూర్చోబెట్టి నేర్పేచోటు ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు చుట్టుపక్కల వెతుకుతున్నాం. తెలిసినవాళ్లుంటే చెప్పండి.