యుద్ధకాలం కత్తులు 'జత'గా అమ్ముతుంటే జాగ్రత్త

అమెరికాలో పాత మిలిటరీ సామాన్లు సేకరించే మనవాళ్ళ కోసం ఇది. ఆన్‌లైన్‌లో ఒకతను రెండు కత్తులు కలిపి అమ్ముతున్నాడు: '1943 అమెరికన్ మెషెటీ' (పొదలు నరికే పొడవాటి కత్తి), 'బర్మాలో పట్టుబడ్డ జపాన్ ఆఫీసర్ కత్తి'. నా దగ్గర 480 డాలర్లు తీసుకున్నాడు. పార్సిల్ విప్పితే, చెప్పిన రెండు కథలూ అబద్ధమే.

ముందు మెషెటీ. అమెరికా సైన్యం వాడిన 1942 మోడల్‌కి బ్లేడు 18 అంగుళాలు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కాలిన్స్, ట్రూ టెంపర్, డిస్‌స్టన్, ఆంటారియో లాంటి కంపెనీలు చేశాయి. పిడికి దగ్గరగా బ్లేడు మీద కంపెనీ పేరు, యు.ఎస్., సంవత్సరం కొట్టి ఉంటాయి. చిక్కేమిటంటే, ఆంటారియో వాళ్ళు యుద్ధం అయిపోయాక కూడా దశాబ్దాలపాటు దాదాపు ఇదే కత్తి చేశారు. నాకొచ్చినదాని మీద వాళ్ళ పేరుంది, యు.ఎస్. ఉంది. వాటి కింద, సంవత్సరం ఉండాల్సిన చోట మాత్రం గ్రైండర్‌తో అరగదీసి నల్లరంగు పూశారు. వేలితో తడిమితే పల్లం తగులుతుంది, లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే గీతలు బయటపడతాయి. లిస్టింగ్‌లో ఫొటోలన్నీ రెండో వైపువే! అన్నట్టు, ప్లాస్టిక్ పిడి ఉంది కదా అని కొత్తదనుకోకండి, అసలువాటికీ అదే.

రెండోది జపాన్ కత్తి కానే కాదు, బర్మా, థాయ్‌లాండ్‌ల వైపు కనిపించే 'ధా'. గుండ్రటి పొడవాటి పిడి, చేతికి అడ్డుగా రేకు లేదు. జపాన్ ఆఫీసర్ల కత్తికైతే అడ్డురేకు ఉంటుంది, పిడికి అడ్డంగా చిన్న మేకు ఉంటుంది, అది తీస్తే బ్లేడు ఊడివస్తుంది. ధాకి మేకు ఉండదు. బ్లేడులో పిడిలోకి దిగే భాగం పొట్టిగా ఉంటుంది, దాన్ని పిడిలో లక్కలాంటి జిగురుతో బిగిస్తారు. కాబట్టి పరీక్ష చేద్దామని పిడి లాగకండి, మంచి ధా ఐతే పాడైపోతుంది. నాది అంత మంచిదీ కాదులెండి. ఒర మీద 'వెండి' అన్నది అల్యూమినియం రేకు, దాని అంచు కింద మెరిసే కొత్త చిన్న మేకులు.

అడిగితే "మా తాతగారు తెచ్చినవి" అన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు. కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో డిస్‌ప్యూట్ వేశాను, ఇంకా తేలలేదు. ఇప్పుడు అతని దగ్గర ఇంకో జత ఉంది, ఈసారి 'ఫిలిప్పీన్స్ గెరిల్లా బోలో' (అక్కడి పెద్ద కత్తి) అట. కొనాలనిపిస్తే ముద్ర ఉన్న వైపు, పిడి బ్లేడు కలిసే చోటు, ఒర అంచు దగ్గరి ఫొటోలు అడిగి, అవి వచ్చాకే డబ్బు కట్టండి.